ఆ క్యాసెట్ మీద పేరెందుకు లేదు?

పోయిన నెల తార్నాకల ఒక చాయ్ హోటల్ కాడ కూసున్న. పక్క టేబుల్ మీద ఉస్మానియాల ఎం.ఏ. చదివే పిలగాండ్లు ఇద్దరు. ఒకనిది ఆదిలాబాద్ దిక్కు, ఇంకొకనిది పాలమూరు. ఫోన్ల పాట వెట్టుకొని ఇంటున్నరు. ఆ పాట 'ఊరు మనదిరా'.

"గద్దరన్న ఏం రాసిండన్నా!" అన్నడు ఆదిలాబాద్ తమ్ముడు నా దిక్కు సూసి.

"తమ్మీ, అది గద్దర్ రాసింది కాదు. గూడ అంజయ్య రాసిండు. మీ పాత జిల్లాయననే. దండేపల్లి కాడ లింగాపురం" అన్న.

వాడు నమ్మలే. ఫోన్ నా మొకం ముంగట వెట్టిండు. వీడియో కింద పెద్దగ గద్దర్ పేరే ఉన్నది. అంజయ్య పేరు యాడ లేదు. "ఇండ్ల ఇట్లనే ఉంది గదన్నా" అన్నడు. వాని తప్పేం లేదు. వానికి ఎరుకైన తొవ్వ అదొక్కటే.

అంజయ్య 2016 జూన్‌ల పోయిండు. ఆయన సొంత జిల్లా పిలగానికి ఆయన పాట నోటికొస్తది, ఆయన పేరు రాదు. ఆ రాత్రి నాకు నిద్ర వట్టలే. అందుకే ఈ ముచ్చట రాస్తున్న. మన పాటల క్యాసెట్ల మీద పేర్లు ఎందుకు లేకపాయె, ఆ లేకపోవుడు అప్పుడు పాటను ఎట్ల కాపాడింది, ఇప్పుడు ఎట్ల ముంచుతున్నది, మనం ఏం చెయ్యాలె — ఇదీ కథ.

ముందే ఒక మాట. నేను ఉస్మానియాల చదువలే. పదో తరగతి కాడనే ఆగిన. ఇరవై ఏండ్ల వయసుల పట్నమొచ్చి తార్నాకల ఒక డీటీపీ షాపుల పనికి చేరిన. పిలగాండ్ల థీసిస్‌లు, కరపత్రాలు, పాటల పుస్తకాలు టైపు చేసుకుంట చేసుకుంట చదువు నేర్సుకున్న. సాయంత్రం అయితే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూసునేటోన్ని. పాటలు అక్కడ నేర్సిన.

పుస్తకం పేరు మనిషికి అంటుకున్నది

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌ల 1949ల పుట్టిండు. 1969 తెలంగాణ ఉద్యమంల బుర్రకథలు చెప్పిండు. అప్పట్ల సినిమా మనిషి బి.నర్సింగరావు ఆర్ట్ లవర్స్ అసోసియేషన్ అని ఒక సంఘం నడిపిస్తుండె. ఆయన ప్రోత్సాహంతోని రిక్షా తొక్కేటోని మీద పాట కట్టిండు విఠల్. తొలి పాటల సంపుటికి 'గద్దర్' అని పేరు వెట్టిండ్రు. గదర్ అంటె తిరుగుబాటు. 1913ల అమెరికాల ఉన్న పంజాబీలు పెట్టిన గదర్ పార్టీ యాది అది. పుస్తకం పేరు మనిషికి అంటుకున్నది. చివరిదాక ఇడువలే.

అంటె సూడుండ్రి, మనకు అందరికంటె ఎక్కువ ఎరుకైన పాటగాని పేరే ఆయన సొంత పేరు కాదు.

ఆ సంఘమే 1972ల జన నాట్య మండలి అయ్యింది. అదే ఏడు ఏప్రిల్ 14న ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ కాడ జార్జి రెడ్డిని పొడిచి చంపిండ్రు. ఫిజిక్స్‌ల గోల్డ్ మెడల్ తెచ్చుకున్న పిలగాడు. అటు క్యాంపస్‌ల విద్యార్థులు మర్లవడ్డరు, ఇటు పాట కూడ మర్లవడ్డది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చి కలిసిండు. ఆయన శ్రీకాకుళం యాస, ఈయన మెదక్ యాస. ఒగ్గు కథ, బుర్రకథ, వీధి భాగోతం, జముకుల కథ, ఊర్ల నాట్లేసేటప్పుడు పాడే పాటలు — దొరికిన బాణీనల్లా తీసుకున్నరు. అవ్వ పాడే బాణీల కొత్త ముచ్చట వెట్టి మళ్ల అవ్వకే పాడి వినిపిచ్చిండ్రు.

గొంగడి, గోచి, కాళ్లకు గజ్జెలు, చేతుల కట్టె, ఒక డప్పు, ఒక డోలక్. గింతే బ్యాండు. కరెంటు లేకపోయినా ఆట ఆగది. ఒకడు పాట ఎత్తుకుంటె పదిమంది కోరస్ అందుకుంటరు. ఎందుకట్ల? కోరస్ ఉన్న పాట ఒక్కసారి ఇంటె యాదుంటది. కాయితం లేకున్నా పాట ఊరు దాటిపోతది.

మూడు సినిమాలు, మూడు తీర్లు

ఒక పాట కింద ఎవ్వరి పేరు రాయాలె? ఇది అడిగితె మస్తు మంది తడవడుతరు. గద్దర్ సినిమాల ముచ్చట తోనే చెప్త, సులువుగ సమజైతది.

ఒకటి: 'మా భూమి'. గౌతమ్ ఘోష్ తీసిండు, నర్సింగరావు నిర్మాత. 1980ల వచ్చింది. అండ్ల గొంగడేసుకొని గద్దర్ పాడిన 'బండెనక బండి గట్టి' రాసింది గద్దర్ కాదు. తెలంగాణ సాయుధ పోరాటం నాటి బండి యాదగిరి. గద్దర్‌ది గొంతు, యాదగిరిది రాత.

రెండు: 1995ల వచ్చిన 'ఒరేయ్ రిక్షా'. అండ్ల అన్నాచెల్లెండ్ల పాట 'మల్లెతీగకు పందిరివోలె' గద్దర్ రాసిండు, వందేమాతరం శ్రీనివాస్ పాడిండు. ఇక్కడ గద్దర్‌ది రాత, గొంతు ఇంకొకలది. ఆ పాటకు నంది అవార్డు ఇస్తే గద్దర్ తీసుకోలే.

మూడు: 2011ల 'జై బోలో తెలంగాణ'. అండ్ల 'పొడుస్తున్న పొద్దు మీద' రాసింది గద్దరే, పాడింది గద్దరే.

రాసినోడు, బాణీ కట్టినోడు, పాడినోడు — ఇవి మూడు వేరే వేరే పనులు. కొన్నిసార్లు ఒక్కలే చేస్తరు, కొన్నిసార్లు ముగ్గురు చేస్తరు. సినిమా పాటకైతే టైటిల్స్‌ల పేరు వడ్తది, ఎతుక్కోవచ్చు. మరి సినిమాకు ఎక్కని వందల పాటల సంగతి ఏంది? వాటికి టైటిల్స్ లేవు. వాటికి ఉన్నది క్యాసెట్ ఒక్కటే.

క్యాసెట్ ఎట్ల నడిచింది

ఇరవై ఏండ్ల పిలగాండ్లు మీలో చానామంది క్యాసెట్ చేతుల పట్టి ఉండరు. అందుకే జర వివరంగ చెప్త.

క్యాసెట్‌ను 1963ల ఫిలిప్స్ కంపెనీ తెచ్చింది. అరచేయంత ప్లాస్టిక్ డబ్బా, లోపట సన్నటి అయస్కాంతం టేపు. గంట క్యాసెట్‌ల దాదాపు 90 మీటర్ల టేపు ఉంటది. ఇటు అరగంట, తిప్పి ఏస్తే అటు అరగంట. దానికి ముందు పాట అంటె గ్రామఫోన్ రికార్డు. అది చెయ్యాల్నంటె కంపెనీ కావాలె, స్టూడియో కావాలె, పైసలు కావాలె. ఎవ్వలి పాట రికార్డు కావాల్నో కంపెనీ చెప్తది. క్యాసెట్ వచ్చినంక ఆ పెత్తనం పోయింది. ఒక టేప్ రికార్డర్, ఒక ఉత్త క్యాసెట్ ఉంటె సాలు, పాకల కూసొని పాట రికార్డు చేసుకోవచ్చు. రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్ ఉంటె ఒకదాని నుంచి ఇంకొకటి తియ్యొచ్చు.

1985ల గద్దర్ అజ్ఞాతంలకు పోయిండు. అదే ఏడు జూలైల ప్రకాశం జిల్లా కారంచేడుల దళితులను చంపిండ్రు. ఆ దినాలల్ల పాట మీద పోలీసుల కన్ను ఉండె. మనిషి కానరాడు, గొంతు మాత్రం ఊరూరు తిరుగుతుండె. మా ఊరికి క్యాసెట్ ఎట్లొచ్చేదో నాకు బాగ ఎరుక. బీడీ ఆకు కల్లం కాడికి ఒకలు తెచ్చేది. ఆ రాత్రి ఒక ఇంట్ల తలుపేసుకొని ఇనేది. తెల్లారేసరికి ఇంకో ఊరికి పోయేది. నడుమ ఎవ్వలో ఒకలు కాపీ తీసేది. కాపీకి కాపీ, దానికి మళ్ల కాపీ. ఒక్కొక్క కాపీకి 'సుయ్య్' మనే సప్పుడు పెరుగుతది, గొంతు మసక అయితది. మేం ఇన్నది ఏడో కాపీనో ఎనిమిదో కాపీనో. సగం మాటలు సమజ్ కాకపోయేది. సమజ్ కాని కాడ మా ఊరోళ్లు సొంత మాటలు ఏసుకున్నరు! అట్ల ఒకటే పాట మా ఊర్ల ఒక తీరు, పక్కూర్ల ఒక తీరు అయ్యింది.

ఇసుంటిది మన దగ్గరనే జరగలే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినంక సోవియట్ దేశంల సర్కారు వద్దన్న పాటలను జనం పాత ఎక్స్‌రే ఫిలింల మీద కోసి రికార్డులు చేసుకున్నరు. రికార్డు ఎత్తి ఎలుగుకు పట్టి సూస్తే ఎవ్వలివో పక్కబొక్కలు కనవడేది. వద్దన్న పాట ఏదో ఒక తొవ్వ దొరకవట్టుకుంటది.

1990 ఫిబ్రవరిల గద్దర్ బయటికొచ్చిండు. నిజాం కాలేజీ మైదానంల జన నాట్య మండలి సభకు జనం ఇసుక పోస్తే రాలనట్టు వచ్చిండ్రు. అంతమందికి ఆ పాటలు నోటికొస్తయి. ఏ రేడియో ఎయ్యలే, ఏ టీవీ సూపలే. కాపీకి కాపీ తిరిగిన క్యాసెట్లు చేసిన పని అది.

పేరు ఎందుకు రాయలే

నేను సూసిన ఆ కాలం క్యాసెట్లల్ల చానా వాటి మీద ఏం రాసి లేదు. కొన్నిటి మీద సినిమా క్యాసెట్ అట్ట ఉండేది, లోపట వేరే ఉండేది. దానికి మూడు కారణాలు.

ఒకటి, భయం. పేరు రాస్తే పేరున్నోడు దొరుకుతడు. క్యాసెట్ ఇంట్ల దొరికితెనే అరుసుకునే రోజులు. 1992ల పీపుల్స్ వార్ మీద నిషేధం వచ్చినంక ఇంక ఎక్కువ. పేరు లేకపోవుడే పాటకు గొంగడి.

రెండు, నమ్మకం. పాట నాది అనుడు తప్పు, పాట జనానిది అనాలె — ఇది వాళ్ల ఆలోచన. బాణీ అవ్వ నుంచి తీసుకున్నడు, మాట కూలోళ్ల నుంచి తీసుకున్నడు, ఇంక నా పేరు రాసుకునుడేంది అనుకున్నరు. అండ్ల పెద్ద మనసు ఉన్నది.

మూడు, సోయి లేకపోవుడు. ఇంకో నలబై ఏండ్లకు ఈ పాట పైసలు తెచ్చే సరుకు అయితదని ఎవ్వలు అనుకోలే.

మొదటి రెండు కారణాల ముందు నేను ఇయ్యాళ్టికీ తల వంచుత. వాళ్ల రాజకీయంతోని మీకు పొత్తు కుదరొచ్చు, కుదరకపోవచ్చు. గద్దర్ కూడ తర్వాత తొవ్వ మార్చిండు. రాజ్యాంగం, అంబేద్కర్ అన్నడు, 2018ల ఓటేసిండు. అది వేరే చర్చ. కానీ మూడో కారణం ఇప్పుడు మన మీద వడ్డది. పేరు లేని పాట ఎవ్వలికి దొరికితె వాళ్లదైతున్నది. ఎక్కువ పేరున్నోని ఖాతాల వడుతున్నది. తక్కువ పేరున్నోడు మాయమైతున్నడు. ఆడోళ్లయితె ఇంక ముందే మాయమైతున్నరు. భువనగిరి బెల్లి లలితను 1999ల ముక్కలు ముక్కలు చేసి చంపిండ్రు. ఆమె పాటకు భయపడి. అసుంటి గొంతులు ఎన్ని క్యాసెట్ల కోరస్‌ల పేరు లేకుంట ఉన్నయో ఆలోచన చెయ్యుండ్రి.

నల్లోళ్ల పాటకు ఏమైంది

ఈ ముచ్చట అమెరికాల మనకంటె ముందు జరిగింది. పత్తి చేన్లల్ల కూలి చేసిన నల్లోళ్ల పాట బ్లూస్. అండ్ల కూడ ఒకడు ఎత్తుకుంటె పదిమంది అందుకునుడే. మిసిసిపీ రాష్ట్రంల స్టోవాల్ అనే ఆసామి భూమిల మడ్డీ వాటర్స్ అనే కూలీ గిటారు కొట్టుకుంట పాడేది. 1941ల అలన్ లోమాక్స్, జాన్ వర్క్ అనే ఇద్దరు మెషిను పట్టుకొని ఆయన ఇంటికి పోయి రికార్డు చేసుకున్నరు. పాటతోని పాటు పేరు, ఊరు, తారీఖు రాసుకున్నరు. ఆ రికార్డు వాళ్ల దేశ గ్రంథాలయంల ఉన్నది. తర్వాత మడ్డీ వాటర్స్ షికాగోకు పోయి పెద్ద పాటగాడు అయ్యిండు. 1962ల లండన్‌ల తెల్ల పిలగాండ్లు బ్యాండు పెట్టుకొని ఆయన పాట పేరు మీదనే రోలింగ్ స్టోన్స్ అని పేరు వెట్టుకున్నరు.

అందరికీ అంత మంచిగ జరగలే. విల్లీ డిక్సన్ అనే నల్ల రచయిత రాసిన పాటల మాటలను లెడ్ జెప్లిన్ అనే పెద్ద రాక్ బ్యాండు 1969ల వాడుకున్నది. ఆయన పేరు ఎయ్యలే. ఆయన 1985ల కోర్టుకు పోయిండు. 1987ల రాజీ అయ్యింది. ఆ తర్వాత పాట కింద ఆయన పేరు ఎక్కింది. ఎందుకు గెలువగలిగిండు? ఆయన రాసినట్టు ముందుగాల్నే రికార్డు మీద రాసి ఉండె. సాక్ష్యం ఉండె. మన దగ్గర సాక్ష్యం యాడున్నది? ఏ అటుక మీదనో, ఏ సందూకలనో బూజు వట్టి ఉన్నది.

చట్టం ఏమంటది

మన దేశంల కాపీరైట్ చట్టం 1957ది. దాంట్ల నాలుగు ముచ్చట్లు పాట కట్టే ప్రతి పిలగానికి ఎరుకుండాలె.

మొదటిది: పాట రాసినోళ్ల హక్కు వాళ్లు బతికున్నన్ని దినాలు, పోయినంక ఇంకో 60 ఏండ్లు ఉంటది. పోయినంక వారసులకు వస్తది. గూడ అంజయ్య 2016ల పోయిండు. ఆయన రాతల మీద హక్కు 2076 దాక ఉంటది.

రెండోది: హక్కు రావాల్నంటె రిజిస్ట్రేషన్ చెయ్యాల్సిన పని లేదు. రాసిననాడే హక్కు వస్తది. రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి పనికొస్తది, గంతే.

మూడోది మనకు మస్తు ముఖ్యం. పేరు లేకుంట అచ్చయిన రచనకు హక్కు అచ్చయిన కాడ్నించి 60 ఏండ్లే. ఆ గడువు లోపట రాసింది ఫలానా మనిషి అని బయటవడితె, అప్పుడు లెక్క మారుతది — మనిషి పోయినంక 60 ఏండ్ల దాక పోతది. అంటె 1975ల పేరు లేకుంట అచ్చేసిన పాటకు 2035 దాక టైమున్నది. గడియారం నడుస్తున్నది.

నాలుగోది: రాసినోడు పాటను అమ్ముకున్నా సరే, "ఇది నేను రాసిన" అని చెప్పుకునే హక్కు పోదు. చట్టంల 57వ సెక్షన్ ఇదే చెప్తది. 2012 సవరణల పాడేటోళ్లకు, వాయించేటోళ్లకు కూడ అసుంటి హక్కు ఇచ్చిండ్రు. డప్పు కొట్టినోనికి కూడ పేరు మీద హక్కున్నది.

జనం పాటను జనం పాడుకునుడు ఆపాల్నని నేను అంటలేను. అది పాపం. ఊర్ల పెండ్లికి, పొలం కాడ, సభల పాడుకోండ్రి. పాట మీద పైసలు సంపాదించేటోడు మాత్రం పేరు ఎయ్యాలె, పాలు ఇయ్యాలె. పేరు ఎయ్యనీకె పైస ఖర్చు కాదు.

మా మామ క్యాసెట్

ఇప్పటిదాక వేరేటోళ్ల తప్పు చెప్పిన. ఇగ నా తప్పు చెప్త.

మా మేనమామ డప్పు కొట్టేది, పాట కట్టేది. పెద్ద పేరున్నోడు కాదు. చుట్టుపక్కల పదూర్లల్ల ఎరుక. కూలి రేట్ల మీద, పటేల్ బావి మీద, మా అమ్మమ్మ మీద పాటలు కట్టిండు. 1991 ఎండాకాలంల ఒక రాత్రి ఎవ్వలో టేప్ రికార్డర్ తెస్తే మామ పాడిండు. ఒక దిక్కు నిండ అరగంట. ఆ ఒక్క క్యాసెటే ఉండె. పోలీసులు వస్తున్నరంటె మా అమ్మ దాన్ని ఒడ్ల గుమ్మిల దాచిపెట్టేది.

క్యాసెట్ పై అంచుకు రెండు చిన్న ప్లాస్టిక్ పలుకలు ఉంటయి. వాటిని ఇరగ్గొడితె దాని మీద మళ్ల రికార్డు కాదు. మామకు ఆ సంగతి తెల్వదు. క్యాసెట్ మీద పేరు కూడ రాయలే, భయానికి. రెండేండ్లకు నాకు కొత్త సినిమా పాటల పిచ్చి వట్టింది. పక్కింట్ల రేడియో. ఇంట్ల పేరు లేని క్యాసెట్ ఒకటి దొరికింది. ఉత్తదనుకున్న. సినిమా పాటలు రికార్డు చేసుకున్న.

మామ నన్ను ఏమనలే. "పోనీ తియ్ అల్లుడా, మళ్ల పాడుకుందాం" అన్నడు. మళ్ల పాడుడు కాలే. 1998ల పోయిండు, పచ్చకామెర్లు ముదిరి. ఆ క్యాసెట్ ఇయ్యాళ్టికీ నా దగ్గర ఉన్నది. సినిమా పాటలు అయిపోయినంక చివర్ల పదకొండు సెకండ్లు మిగిలింది. డప్పు సప్పుడు, ఒక దగ్గు, "ఆపున్రి ఇగ" అనే మామ గొంతు. ఆయన కట్టిన పాటలల్ల మా అమ్మకు రెండు యాదున్నయి. నాకు ఒకటి సగం.

మీద ఒక్క పేరు రాసి ఉంటె నేను ఆగేటోన్ని. పన్నెండేండ్ల పిలగాన్ని, నాకు చదువు వచ్చు. పేరు లేని దాన్ని ఉత్తదే అనుకుంటరు. నేనట్లనే అనుకున్న. ఇయ్యాల ఫోన్‌ల పాట ఎక్కిస్తున్నోళ్లు కూడ అట్లనే అనుకుంటున్నరు.

క్యాంపస్‌ల ఏం మిగిలింది

2002ల కామారెడ్డిల రసమయి బాలకిషన్ వాళ్లు ధూం ధాం మొదలువెట్టిండ్రు. అదే ఏడు గోరటి ఎంకన్న పాట 'పల్లె కన్నీరు పెడుతుందో' 'కుబుసం' సినిమాల వచ్చి ఊరూరు ఏడిపిచ్చింది. 2009 డిసెంబర్ నుంచి ఉస్మానియా నిండ పాటే. 2010 జనవరి 3న ఆర్ట్స్ కాలేజీ ముంగట విద్యార్థి గర్జన అయిననాడు నేను మెట్ల పక్కపొంటి నిలవడి ఉన్న. తార్నాక నుంచి మనిషి మీద మనిషి. 1939ల కట్టిన ఆ రాతి గోడలు డప్పుకు అదిరినట్టు అనిపిచ్చింది. ఆ దినాలల్ల హాస్టల్ రూములల్ల ఎంతమంది పాట కట్టిండ్రో! బాష్పవాయువు కండ్లల్ల మండుతుంటె పాట కట్టినోళ్లు ఉన్నరు. వాళ్లల్ల కొందరు ఇప్పుడు సార్లు, కొందరు ఆటో నడుపుతున్నరు, కొందరు ఊరికి పోయి ఎవుసం చేస్తున్నరు. వాళ్ల పాటలు సెల్‌ఫోన్ మెమరీ కార్డులల్ల ఉండె. ఆ కార్డులు ఏడికి వోయినయి? క్యాసెట్ కన్న అవి ఇంక అల్కగ పోతయి.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయిండు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగితె ఒంట్ల దిగిన తూటా ఒకటి చివరిదాక ఆయన ఎన్నుల్నే ఉండె. 2024ల సర్కారు సినిమా అవార్డులకు గద్దర్ పేరు వెట్టింది, 2025ల మొదటిసారి ఇచ్చింది. అవార్డు వద్దన్న మనిషి పేరు మీద అవార్డు! అదే 2024ల అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' రాష్ట్ర గీతం అయ్యింది. సంతోషమే. పెద్ద పేర్లకు న్యాయం జరుగుతున్నది. కోరస్‌ల నిలవడ్డోళ్ల పేర్లు ఎవ్వలు రాస్తరు? ఆ పని మనదే.

మీరు చెయ్యగలిగిన పని

దసరాకు ఇంటికి పోతరు గదా. అటుక మీద, సందూకల ఎతుకుండ్రి. బాపునో, పెద్దనాయననో, ఊర్ల పాత పాటగాన్నో అడుగుండ్రి. క్యాసెట్ దొరికితె ఇట్ల చెయ్యుండ్రి.

దొరకంగనే ప్లేయర్‌ల ఎయ్యకుండ్రి. ముందుగాల పై అంచున ఉన్న రెండు పలుకలు ఇరగ్గొట్టుండ్రి. టేపు మీద తెల్లగ బూజు ఉన్నదా సూడుండ్రి. బూజుంటె ఎయ్యొద్దు, తెలిసినోళ్లకు సూపెట్టుండ్రి. మంచిగుంటె పెన్సిల్ చక్రంల వెట్టి మెల్లగ ఒకసారి ఆ చివర్దాక, మళ్ల ఈ చివర్దాక తిప్పుండ్రి. టేపు నడుమ చిన్న మెత్త ఉంటది, అది ఊడిపోతె సప్పుడు సరిగ రాదు. స్క్రూలు ఉన్న ఇంకో డబ్బాలకు టేపును మార్చొచ్చు.

ప్లేయర్ హెడ్‌ను దూదితోని, స్పిరిట్‌తోని తుడువుండ్రి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు ల్యాప్‌టాప్‌కు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోని రికార్డు చెయ్యుండ్రి. ఎంపీత్రీ కాకుంట ముందుగాల వేవ్ ఫైలుగ దాచుండ్రి. గంట క్యాసెట్‌కు దాదాపు ఒక జీబీ అయితది. సుయ్యిమనే సప్పుడు తీసెయ్యాల్నని అసలు ఫైలును చెరుపకుండ్రి. ఆ పని కాపీ మీద చెయ్యుండ్రి. ఏం సాధనం లేకుంటె స్పీకర్ ముంగట ఫోన్ వెట్టి అయినా తీయుండ్రి. లేనిదానికన్న నయం. రెండు కాపీలు రెండు వేరే వేరే ఇండ్లల్ల ఉంచుండ్రి.

ఆఖరుది, అన్నిటికన్న పెద్ద పని. రాయుండ్రి. పాట రాసింది ఎవ్వలు, బాణీ ఎవ్వలిది, పాడింది ఎవ్వలు, డప్పు ఎవ్వలు, కోరస్ ఎవ్వలు, ఏ ఊరు, ఏ ఏడు. తెల్వకపోతె తెల్వదు అని రాయుండ్రి, ఊహించి పెద్ద పేరు తగిలియ్యకుండ్రి. బతికున్నోళ్లను, లేకుంటె వాళ్ల ఇంటోళ్లను అడగకుంట నెట్ల ఎక్కియ్యకుండ్రి. కొందరికి ఇప్పటికీ పేరు బయటికొచ్చుడు ఇష్టముండదు. దానికీ ఇలువ ఇయ్యాలె.

చాయ్ హోటల్ కాడి ఆదిలాబాద్ తమ్ముడు పోయిన ఆదివారం ఫోన్ చేసిండు. వాళ్ల ఊర్ల అడిగితె ముసలాయన ఒకాయన తొమ్మిది క్యాసెట్లు సంచిల ఏసి ఇచ్చిండట. ఒకదాని మీద కూడ పేరు లేదట. "ఏం చెయ్యాలన్నా?" అన్నడు. ఆ ముసలాయన పక్కన కూసొని ఒక్కొక్కటి ఏసి వినిపియ్యి, ఎవ్వలి గొంతో ఆయనకు ఎరుకుంటది, ఆయన చెప్పంగ నువ్వు రాయి అన్న. జర జల్ది చెయ్యి తమ్మీ అన్న. ఆయనకు ఎనబై దాటినయట.